హాల్‌టికెట్ వెనక బస్సు నంబర్లు

నాన్న లోపలికెళ్ళాడు, అటెండరు నీలకంఠం తలుపు దగ్గరగా వేసేశాడు, ఇంక నా చేతుల్లో ఏమీ లేదు. ప్రిన్సిపాల్ రూము ముందు చెప్పులు విప్పాడు చూడు, గుడి ముందు విప్పినట్టు, "పర్లేదు బాబూ, ఏసుకునే ఎల్లు" అని నీలకంఠమే అన్నాడు, అయినా వినలేదు, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని నా వైపు చూసి తలూపాడు. దేనికి ఊపాడో. ధైర్యంగా ఉండమనా, నేను చెప్పింది గుర్తుందనా. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను, "నాన్నా, ఈ రాత ఎవరిదని అడుగుతారు, నాకు తెల్దు బాబూ అను, అంతే, ఇంకేటీ మాటాడకు" అని. "సర్లే అమ్మీ" అన్నాడు. తెలీదంటే నాకు ఒక్క పేపరు పోతుంది, వచ్చే నెల మళ్ళీ రాసుకుంటే జులైలో ఉద్యోగంలో చేరొచ్చు. నేనే రాశానని ఆయనంటే ఈ సెమిస్టరు మొత్తం పోతుంది, ఏడాది దాకా పరీక్షకి కూర్చోనివ్వరు, క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం దాని దారిన అది పోతుంది. ఒక్క మాట, తెలీదు. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ ఇప్పుడు మా నాన్న నోట్లో ఆ ఒక్క మాట మీద నిలబడున్నాయి, నేనేమో ఈ బెంచీ మీద కూర్చుని ఫ్యాను చూస్తున్నాను.

నేరం ఏంటంటే బస్సు నంబర్లు. నవ్వొస్తుంది కదా, నాకూ మొదట నవ్వే వచ్చింది. నా హాల్‌టికెట్ వెనక్కి తిప్పితే నీలం పెన్నుతో నొక్కి నొక్కి రాసిన అంకెలు, 38, దాని కింద 28కె, దాని పక్కన 2. ముప్పై ఎనిమిది ఎక్కి కొత్తరోడ్డు దగ్గర దిగాలి, అక్కడ ఇరవై ఎనిమిది కె పట్టుకోవాలి, పెందుర్తి దాటాక రెండో స్టాపు. అంతే. మా కాలేజీ గాజువాక అవతల, రోజూ నడిచెళ్ళేంత దూరం, కానీ ఈసారి పరీక్షలు మాత్రం మా యాజమాన్యం వాళ్ళదే పెందుర్తి వైపున్న రెండో కాలేజీలో పెట్టారు, ఎందుకు పెట్టారో మాకెవరు చెప్తారు. ఆటో కట్టించుకుని వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, కార్లలో దింపినవాళ్ళు దింపారు, మా నాన్న మాత్రం స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని, ఆఫ్ వచ్చిన రోజు పడుకోవాలా వద్దా, తెల్లారి లేచి గాజువాక సెంటర్‌కి పోయి, ఏ బస్సు ఎక్కడికి పోతుందో కండక్టర్లని అడుక్కుంటూ పెందుర్తి దాకా వెళ్ళి, ఆ కాలేజీ గేటు ముట్టుకుని మరీ వచ్చాడు. "దగ్గిరే అమ్మీ, బస్సులో కూకున్నంతసేపు కూకోడమే" అన్నాడు, నీరసంతో మొహం ఇంతై ఉంది. ఉపగ్రహం ఏ కక్ష్యలో ఎంత వేగంతో తిరుగుతుందో రాయడానికి వెళ్తోంది కూతురు, దానికి కొత్తరోడ్డు దగ్గర బస్సు మారడం రాదేమోనని ఈయన బెంగ.

ఫోన్‌లో చూసుకుంటానన్నాను. "పరీచ్చకి ఫోన్ ఒట్టుకెల్లనివ్వరు గదేటి" అన్నాడు, అదీ నిజమే, బ్యాగులో కూడా ఉండకూడదని నోటీసు పెట్టారు. నేను జడ వేసుకునేలోపు బియ్యం డబ్బా మూత మీద హాల్‌టికెట్ బోర్లించి రాసేస్తున్నాడు, నాలిక పంటికింద పెట్టుకుని. వేరే కాగితం దొరకలేదా ఇంట్లో? దొరుకుతుంది, కానీ వేరే కాగితమైతే పారేసుకుంటానట, ఇదైతే పారెయ్యనట. అది మా ఇంటి పద్ధతి, మా తాత నుంచి వస్తున్నదే. ముఖ్యమైన సంగతి ఏదైనా ముఖ్యమైన కాగితం వెనకే రాయాలి. చీపురుపల్లి దగ్గర మా ఊరి పొలం సర్వే నంబరు అమ్మా నాన్నల పెళ్ళి ఫొటో వెనకుంది. గ్యాసు నంబరు రేషన్ కార్డు వెనక. నాన్న బ్లడ్ గ్రూపు ఆయన గేట్ పాస్ వెనక. నా పుట్టిన టైము, అయ్యో, అది వినాయకుడి పటం వెనక అట్ట మీద ఉంది, జాతకం కావాలంటే దేవుణ్ణి మేకు మీంచి దించాలి. కొంపలంటుకున్నప్పుడు జనం ఏ కాగితం పట్టుకుని బయటికి పరిగెడతారో దాని మీద రాస్తే సంగతి బతుకుతుందని మా తాత అనేవాడట. ఆ లెక్కన ఆ రోజు పొద్దున మా ఇంట్లో నా హాల్‌టికెట్ కంటే పెద్ద కాగితం లేదు. "ఏటి నాన్నా, పిచ్చి రాతలు రాసీసినావ్" అని విసుక్కున్నాను కూడా, విసుక్కుని మడిచి పెట్టుకుని వెళ్ళిపోయాను. ఇంకో ప్రింటు తీయిస్తే దాని మీద మళ్ళీ ప్రిన్సిపాల్ సంతకం కావాలి, అయినా అది తప్పని ఎవరికి తోస్తుంది చెప్పండి, నాకు తోచలేదు.

చిన్నప్పుడు నాకు అంకెలు వచ్చింది బస్సుల మీదే. నాన్న భుజమ్మీద కూర్చుని గాజువాక జంక్షన్‌లో బోర్డులు చదివేదాన్ని, సున్నా గుడ్డు, ఎనిమిది రెండు గుడ్లు. ఆయన ఎనిమిది వేస్తే ఇప్పటికీ అలాగే ఉంటుంది, కింద ఒక సున్నా, పైన ఒక సున్నా, విడివిడిగా. ఆ ఎనిమిదే నన్ను పట్టించింది. నేను వేసే ఎనిమిది ఒకే గీతలో తిరుగుతుంది, ఆన్సర్ షీట్ నిండా అవే, లోపల టేబుల్ మీద రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు పొద్దున, నేను చూశాను.

సుధారాణి మేడమ్‌ని తిట్టుకుందామన్నా తిట్టుకోలేకపోతున్నాను, అదో బాధ. ఆవిడ పాపం ఎడ్‌హాక్, పర్మనెంటు కాదు, ఈ ఏడాదే చేరింది, ఆ రోజు మా హాల్లో ఇన్విజిలేటర్. అందరి హాల్‌టికెట్ల మీదా సంతకాలు చేసుకుంటూ వచ్చి, నాది ఫ్యాను గాలికి తిరగబడితే చూసి, "ఏంటిది" అంది. బస్సు నంబర్లు మేడమ్, మా నాన్న రాశారు అన్నాను. నవ్వింది కూడా! "మా నాన్న కూడా ఇంతేనమ్మా" అంది. సరిగ్గా అప్పుడే వెనక గుమ్మంలోంచి స్క్వాడ్ వాళ్ళు దిగారు, ఇద్దరు, ఒకాయన మేడమ్ చేతిలో నా హాల్‌టికెట్ చూశాడు, చెయ్యి చాపాడు. ఆవిడ మొహంలో నెత్తురు లేదు. తను చూసి వదిలేసిందని రాస్తే ఆవిడ ఉద్యోగం పోతుంది, తనే పట్టుకున్నానని రాస్తే నా పేపరు పోతుంది, ఆ ఇద్దరు చూస్తుండగా ఆవిడ ఏది రాస్తుంది? నేనైనా అదే రాసేదాన్నేమో. నా ఆన్సర్ షీట్ లాక్కున్నారు, ఆఖరి ప్రశ్న సగంలో ఉంది, బాగా వచ్చిన ప్రశ్న, బొమ్మ కూడా వేశాను, ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టేశారు. హాలంతా తలెత్తి చూసింది. నా వెనక మోహన్ కూడా చూశాడు, వాడి సాక్సులో రెండు చాప్టర్లున్నాయి, ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు, హాలు సగానికీ తెలుసు.

కాపీ అంట కాపీ. ఈ కాలేజీలో చేరిన మొదటి వారం మాకు ల్యాబ్‌లో నేర్పిన మొదటి పాఠం ఏంటి? సీనియర్ల రికార్డు తెచ్చుకుని చూసి రాసెయ్యండమ్మా, రీడింగులు మార్చకండి, మారిస్తే లెక్క తేడా వస్తుంది అని. నాలుగేళ్ళూ అదే రాశాం, మా ముందువాళ్ళూ అదే రాశారు, ఏ కాలంలో ఎవడు తీసిన రీడింగో ఆ వోల్టేజీ, వాడిప్పుడు పిల్లల్ని స్కూల్లో దింపుతూ ఉంటాడు, వాడి అంకెల మీద మాకు ఇంకా సంతకాలు పడుతున్నాయి. ప్రాజెక్టులు చూస్తే అన్నీ ద్వారకానగర్ షాపుల్లో కొన్న రెడీమేడ్, మా బ్యాచ్‌లో మాది తప్ప, మేం ముగ్గురం నిజంగా చేసి చచ్చాం, అది పని చెయ్యలేదని మార్కులు తక్కువేశారు. అప్పుడెప్పుడూ ఏ కమిటీ కూర్చోలేదు. ఇప్పుడు కూర్చుంది, ఎందుకంటే పోయినసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు మీ కాలేజీలో ఒక్క మాల్‌ప్రాక్టీసు కేసు కూడా లేదేంటి, అంత మంచివాళ్ళా మీ పిల్లలు అని ఎగతాళి చేశారట. ఈసారి కేసు ఉంది. నేనున్నాను.

పోనీ నమ్మలేదా అంటే, నమ్మారు! అదే కదా నాకు మింగుడు పడనిది. నమ్మకపోతే ఏడ్చో మొత్తుకునో నమ్మించొచ్చు, బస్సెక్కించి చూపించొచ్చు. పొద్దున నన్ను పిలిచినప్పుడు ఆ నలుగురిలో ఎవరికీ అనుమానం లేదు. గంగాధరరావు సారైతే కళ్ళజోడు ఎత్తి చూసి, "ఇరవై ఎనిమిది కె మా ఇంటి ముందు నుంచే పోతుందయ్యా, కొత్తవలస బస్సు" అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, అయిపోయిందనుకున్నాను. నాకు టీ కూడా ఇచ్చారు. అప్పుడు ప్రిన్సిపాల్ సార్ మెల్లిగా, చాలా మెల్లిగా, "ఏం రాశావన్నది కాదమ్మా, రాత ఉందా లేదా అన్నదే రూలు" అన్నాడు. హాల్‌టికెట్ మీద ఏ రాతా ఉండరాదు. శ్రీరామ అని రాసినా తప్పే, ఆయనే చెప్పాడు. స్క్వాడ్ రిపోర్టు వెళ్ళిపోయింది, కేసుకి నంబరు పడిపోయింది, నంబరు పడ్డాక శిక్ష వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదో వీళ్ళు రాసి పంపాలట, అలా ఇంతవరకు ఎవరూ పంపలేదట. "మాకు తెలుసమ్మా నీ సంగతి, మంచి పిల్లవి" అంటున్నాడు గంగాధరరావు సార్, టీలో బిస్కట్ ముంచుకుంటూ. మంచి పిల్లనని తెలిసి కూడా నన్నేం చెయ్యబోతున్నారో చూడు. అంతమంది మంచివాళ్ళ మధ్య కూర్చుంటే ఎవరి మీద అరవాలో తెలీలేదు, కప్పు కింద పెట్టడానికి చోటు కూడా కనపడలేదు.

అంతకుముందే వరండాలో ఉమాశంకర్ సార్ నాకు దారి చెప్పారు. ఆయన మాకు మూడో ఏడు పాఠం చెప్పిన సార్, ఒక్కరే, నన్ను పక్కకి పిలిచి రూల్స్ పుస్తకం తెరిచి చూపించారు. "చూడు యశస్వినీ, స్టూడెంటే రాసుకుంటే ఒక క్లాజు, ఆ ఒక్క పేపరు రద్దు. బయటివాళ్ళు రాసిస్తే వేరే క్లాజు, బయటి వ్యక్తి సాయం కింద వస్తుంది, సెమిస్టరంతా రద్దు, ఏడాది డిబార్. నువ్వే రాశానని చెప్పు. ఇంకెవరి పేరూ తేకు" అన్నారు. బయటి వ్యక్తి అట, మా నాన్న. నిన్న రాత్రి నా కంచంలో చేప ముల్లు తీసిపెట్టిన మనిషి, బయటి వ్యక్తి. సరే అన్నాను. లోపలికెళ్ళి నేనే రాశానన్నాను, కాగితం ఇస్తే అదే రాసి సంతకం పెట్టాను. పరీక్ష హాల్లో చెయ్యని తప్పు కమిటీ ముందు చేశాను, నా నాలుగేళ్ళ చదువులో ఇదే మొదటి దొంగ రాత, అదీ వాళ్ళే కూర్చోబెట్టి, పెన్ను ఇచ్చి మరీ రాయించుకున్నారు. రాస్తుంటే సిగ్గేసింది, ఏం చెయ్యను. అంతటితో పోయేది, కానీ ఆ ఎనిమిది ఉందే, ఆ నలుగురిలో ఒక కుర్రసారు దాన్ని పట్టుకున్నాడు. పొద్దున నవ్వనివాడు ఆయనొక్కడే. స్క్వాడ్ వాళ్ళకి అనుమానం వస్తే మన మీదికొస్తుంది సార్, పేరెంట్‌ని పిలిచి ఒక మాట అడిగేస్తే ఫైలు క్లియర్‌గా ఉంటుంది అన్నాడు. ఫైలు క్లియర్‌గా ఉండాలట. నాన్న మధ్యాహ్నం బి షిఫ్టు మానుకుని వచ్చాడు.

క్లాజుల గోల ఆయనకి చెప్పలేదు నేను. చెప్పాల్సింది. మెట్ల దగ్గర టైము లేదు, నీలకంఠం పిలిచేస్తున్నాడు, అయినా ఎలా చెప్తాను, నువ్వు బయటి వ్యక్తివి నాన్నా, నీ వల్ల నాకు ఏడాది పోతుంది అని ఆయన మొహం చూసి ఎలా చెప్తాను? తెల్దని చెప్పు అన్నాను, ఎందుకని అడగలేదు, సర్లే అన్నాడు. ఆ సర్లేని నమ్మి కూర్చున్న నన్ను ఏమనాలి. ఆయన సర్లేలు నాకు తెలియవా? ఒకసారి బొబ్బిలి పెళ్ళికెళ్తున్నాం, బస్సులో కండక్టరు నా వయసెంత అన్నాడు, నాకు హాఫ్ టికెట్ తియ్యమని అమ్మ ఇంటి దగ్గర్నుంచీ పోరుపెట్టి తెచ్చింది, పదకొండని సెప్పు, పదకొండని సెప్పు అని, దారంతా సర్లే సర్లే అన్నాడు, తీరా కండక్టరు అడిగేసరికి "మొన్న మాఘంలో పన్నెండు నిండీసినాయి బాబూ" అన్నాడు. కండక్టరే జాలిపడి హాఫ్ కొట్టబోతే వద్దని ఫుల్లు తీయించుకున్నాడు. అమ్మ బొబ్బిలి దాకా మాట్లాడలేదు. అబద్ధం ఆడకూడదని ఏ నియమమూ లేదు ఆయనకి, గొప్పలు పోయేదీ లేదు, ఎవరైనా సూటిగా అడిగితే నోట్లోంచి ఉన్నదే వచ్చేస్తుంది, అంతే, ఆపుకోవడం రాదు. దేవుడా, ఈ ఒక్కసారి ఆపుకోవడం రానియ్యి. ఒక్క అబద్ధం. నేను ఆడేశాను కదా, మా ఇంటి వంతు తీరలేదా.

లోపల్నుంచి ఏదీ సరిగా వినపడట్లేదు. కుర్చీ లాగిన చప్పుడైంది. ప్రిన్సిపాల్ సార్ గొంతు, తర్వాత ఎవరో దగ్గారు, తర్వాత నాన్న గొంతు. తెల్దు బాబూ అనడానికి ఎంతసేపు పడుతుంది? అయిపోవాలి కదా. ఇంకా మాట్లాడుతున్నాడు. ఎక్కువసేపు మాట్లాడుతున్నాడు. నాన్నా, ఆపు. కొత్తరోడ్డు అన్నట్టు వినపడిందా, లేదు, నా భ్రమ, ఈ ఫ్యాను చప్పుడులో ఏమైనా వినపడుతుంది. లేచి తలుపు తోసుకుని వెళ్ళిపోతే? వెళ్ళి ఏమంటాను, మా నాన్న చెప్పేది నమ్మకండి సార్ అనా? మా నాన్న అబద్ధాలకోరు సార్ అనా? ఫోన్ చూశాను, నాకు ఉద్యోగమిచ్చిన కంపెనీ నుంచి ఒక మెయిల్ ఉంది, టీషర్టు సైజు అడుగుతున్నారు. లోపల ఎవరో నవ్వారు, గంగాధరరావు సార్ నవ్వు, మా నాన్న తెలీదంటే అక్కడ నవ్వడానికేముంది. నీలకంఠాన్ని చూశాను. ఆయన నా వైపు చూడట్లేదు, గోడ వైపు చూస్తున్నాడు, ఆయనకి ఆ తలుపు వెనక మాటలు వినడం అలవాటే.

తలుపు తీశారు. నాన్న బయటికొచ్చాడు, భుజాలు దిగిపోయి, మొహం కడుక్కొచ్చినంత తేటగా ఉంది. ఈ వారం రోజుల్లో ఆయన్ని అలా చూడలేదు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు, నా చెయ్యి తీసుకున్నాడు.

"అయిపోనాది అమ్మీ. సెప్పీసినాను."

"ఏటి సెప్పినావు నాన్నా?"

"ఉన్నదే సెప్పినాను. నువ్వు రాసినావని నీ సేత సంతకం ఎట్టించుకున్నారంట గదా, ఆ కాయితం సూపించినారు. నా పేనం ఉసూరుమనీసింది. నన్ను కాయడానికి నీ నెత్తినేసుకుంటావేటే పిచ్చిగుంటా? ఆ ఇంగ్లీసు ముక్కలు నాకు తెల్దు గానీ టిక్కెట్టు మీది ఎనిమిది నాది గాదేటి! నాను రాసినాను బాబూ, బస్సు నంబర్లవి, పిల్లకి ఏటీ తెల్దు అని సెప్పీసినాను. ఆల్లు మరి మరేదగా, కూకోబెట్టి, పేరూ ఊరూ అన్నీ అడిగి రాసుకున్నారు. సంతకం ఎట్టమన్నారు, ఎట్టీసినాను. ఇంక నీ మీదికి ఏటీ రాదు. వస్తే నా మీదికే."

నేను ఆయన చేతిని చూస్తున్నాను. వేళ్ళకి సిరా అంటుకుంది. చెప్పెయ్యాలి, ఇప్పుడే చెప్పెయ్యాలి, లేకపోతే ఇంకెవరో చెప్తారు, నోటీసు బోర్డు చెప్తుంది. నోరు తెరిచాను. ఆయన నన్నే చూస్తున్నాడు, పరీక్ష పాసైన పిల్లాడిలా చూస్తున్నాడు.

నీలకంఠం వచ్చి, "యశస్వినమ్మా, లోపలికి రమ్మంటన్నారు, కొత్త కాయితం మీద సంతకం ఎట్టాలంట" అన్నాడు, నేల చూస్తూ.

"ఎల్లమ్మా, బయ్యం నేదు. మంచోల్లే," అన్నాడు నాన్న, జేబులోంచి ఫోన్ తీసుకుంటూ. "మీ అమ్మ పొద్దుట్నుంచీ మంచినీల్లు ముట్టనేదు. గండం గడిసిపోనాదని సెప్పీమంటావా?"

"చెప్పు నాన్నా," అన్నాను.